బండికి లేని జ్వరం

మొగులయ్యను చంపినవాడు ముందుగా అతన్ని అగ్గిపెట్టె అడిగాడు.

కాజీపల్లిలో మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ట్రక్కు డ్రైవర్ మొగులయ్య డ్యూటీ దిగి, ఖాళీ టిఫిన్ డబ్బా ఊపుకుంటూ కార్మికుల క్వార్టర్ల వైపు నడుస్తున్నాడు. బైక్ మీద వచ్చినవాడు హెల్మెట్ తీయకుండానే చెయ్యి చాపాడు. హెల్మెట్ తీయనివాడికి అగ్గిపెట్టె ఎందుకని అడగాలి. మొగులయ్య అడగలేదు. ఎవరేం అడిగినా జేబులో చెయ్యి పెట్టే రకం అతను. సరిగ్గా అప్పుడే పక్కనున్న మందుల ఫ్యాక్టరీ బాయిలర్ ఆవిరి వదిలింది. ఆ రొదలో పిడుగు పడినా వినపడదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది.

ఆవిరి ఆగేసరికి బైక్ లేదు. మొగులయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎండకు కళ్లు తిరిగి కూలబడ్డాడనుకుని ఇద్దరు ముగ్గురు అతన్ని దాటిపోయారు కూడా.

మర్నాడు ఉదయం పోతిరెడ్డిపల్లిలో వాటర్ ప్యూరిఫయర్లు రిపేర్ చేసే దుకాణంలోకి ఒక మనిషి వచ్చాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఒకసారి చూస్తే గుర్తుండని ముఖం. గూఢచారి ఉద్యోగానికి అంతకన్నా మంచి అర్హత లేదు.

"మా నీళ్లు ఎండకాలంల్నే ఉప్పగైతున్నయి" అన్నాడు.

కౌంటర్ దగ్గరి ముసలాయన తల ఎత్తలేదు. "బోరా, నల్లానా?"

"బాయి."

వెనక తలుపు గొళ్లెం దానంతటదే తెరుచుకుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాక బావి నీళ్లు తాగేవాడు ఎవడూ మిగల్లేదు. కోడ్‌వర్డ్‌గా పెట్టుకోవడానికి అంతకన్నా క్షేమమైన మాట దొరకదు.

వచ్చినవాడు నిఖిలేష్. సంగారెడ్డి గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే నాగేశ్వర్ కొడుకు. కొడుకు టైర్ల కంపెనీలో సేల్స్ చేస్తున్నాడని తండ్రి నమ్మకం. టైర్లు అమ్మేవాడికి వీపున కత్తిగాటు ఎందుకుందని ఆయన ఇంతవరకు అడగలేదు.

లోపల కూర్చున్నది ప్రభావతి. బ్యూరోలో ఈ ప్రాంతానికి చీఫ్. యాభై దాటిన మనిషి, నవ్వు అప్పు కూడా ఇవ్వదు.

"కూసో. ఆపరేషన్ పేరు వడగాలి."

గోడ మీద వెలుగు పడింది. కొబ్బరికాయంత లోహపు వస్తువు.

"సీకర్. క్షిపణికి కన్ను. ఇక్కడి ఫ్యాక్టరీల తయారైంది. గురువారం టెస్ట్ రేంజ్‌కు పోతది. ఎస్కార్ట్ ఉండదు. ఒక ప్రైవేటు క్యారియర్ కంపెనీ ట్రక్కుల, సబ్బు డబ్బాల నడుమ పోతది. ఎవ్వనికీ తెల్వకపోవుడే సెక్యూరిటీ."

"తెలిసిపోయిందా మేడమ్?"

"ఖాళీ పెట్టెతోటి మూడు ట్రయల్ రన్‌లు చేసినం. మొదటి రెండు బండ్లు మిట్టమధ్యాహ్నం కర్దనూర్ గుట్ట ఎక్కుడు మీద పవర్ పోయి ఆగినయి. రెండుమార్లు ఎక్కడికెల్లో ఒక రికవరీ వ్యాన్ ఊడిపడ్డది. షెడ్డుకు గుంజుకపోయి, బాగుచేసి పంపింది. వర్క్‌షాపుల చూస్తే ఏ ఫాల్టూ లేదు."

"మూడో బండి?"

"ఆగలేదు. మొన్న ఎక్కుడు ఎక్కి ఎల్లిపోయింది. దాని డ్రైవర్ మొగులయ్య. నిన్న కాల్చి సంపిన్రు. ఊర్ల మాత్రం వడదెబ్బ అని చెప్పించినం."

"రికవరీ వ్యాన్ ఎవరిది మేడమ్?"

"రికవరీ వ్యాన్ త్రినాథరావుది" అంది ప్రభావతి. "కొంగ అనే విదేశీ ముఠాకు ఇక్కడి మనిషి. సీకర్‌ను గంటసేపు షెడ్డుల పెట్టుకుంటే చాలు, లోపల ఏముందో మొత్తం స్కాన్ చేసుకుంటడు. వాన్ని ఇయ్యాల పట్టుకోవచ్చు. కానీ మన రూట్ వానికి చెప్పినోళ్లు మిగిలిపోతరు. నువ్వు ఆర్మీల ఇంజన్లు ఇప్పినోనివి. ముందు ఆ బండ్లు ఎందుకు ఆగినయో చెప్పు."

ఆమె రెండు వస్తువులు ముందుకు తోసింది. ఒకటి చూడటానికి టైర్లలో గాలి కొలిచే గేజ్. నిజానికి దూరం నుంచే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. రెండోది బండికి దిష్టి తగలకుండా కట్టే ప్లాస్టిక్ నిమ్మకాయ, మిరపకాయల దండ. నిమ్మకాయలో ట్రాన్స్‌మిటర్.

"కంపెనీ కంట్రోల్ రూమ్‌ల మన మనిషి ఉంది" అంది చివరగా. "కృష్ణప్రియ. కోడ్ నేమ్ వట్టివేరు. అవసరమైతే కలువు. జెర చూసుకో, అందంగ ఉంటది."

నిఖిలేష్ పాండు అనే కొత్త మెకానిక్‌గా కంపెనీ వర్క్‌షాపులో చేరాడు. గోళ్లలో గ్రీజు, పెదవి కింద జర్దా, నడకలో ఎవరికీ భయపడని బద్ధకం. మూడు ట్రక్కులూ అక్కడే ఉన్నాయి.

కంట్రోల్ రూమ్‌లో చలికి వణుకు వచ్చేలా ఏసీ పెట్టారు. కృష్ణప్రియ నీలంరంగు చీరలో, పెద్ద తెరల ముందు, బయటి ఎండ తనకేమీ కాదన్నట్టు కూర్చుని ఉంది. మెకానిక్ పాండు గుటక మింగాడు. వేషంలో భాగంగానే మింగాడని నిఖిలేష్ తనకు తాను చెప్పుకున్నాడు. మనం నమ్మనక్కర్లేదు.

"వట్టివేరు తట్టీలు ఎక్కడ దొరుకుతయి మేడమ్?"

"తడిపితే వాసనొచ్చేవి కావాలా, రానివా?" అని కోడ్ పూర్తిచేసి, ఆమె కుర్చీ దగ్గరకు జరిపింది. "మూడు బండ్లదీ ఒకటే జబ్బు. ఈ మోడల్ మన ఎండలకు తట్టుకోదు. మొగులయ్య చనిపోయే ముందురోజు నాకు ఫోన్ చేశాడు, పాపం. 'మేడమ్, బండి లాగడం లేదు, ఎలాగో ఎక్కించాను' అన్నాడు. అదే ఆఖరి మాట."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాటలో ఏదో తేడాగా తోచింది నిఖిలేష్‌కు. అదేమిటో ఆలోచించే లోపు ఆమె రుమాలు అందుకుంది, అతను ఆ వేళ్ల వైపు చూశాడు. మెదడు పని అక్కడితో ఆగిపోయింది.

వేసవిలో బండి పవర్ తగ్గిందంటే అనుమానితులు చాలామందే ఉంటారు. నిఖిలేష్ మొదటి ట్రక్కు దగ్గర కూర్చుని ఒక్కొక్కరినీ స్టేషన్‌కు పిలిచినట్టు పిలిచాడు. ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ముంది, ఉండాల్సినంతే. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోలేదు. ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోతే డీజిల్ సరిగ్గా అందదు. మూత వదులుచేసి నడిపాడు, తేడా లేదు. టర్బో గొట్టాల్లో పగులు లేదు. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న దూదీ పురుగులూ నీళ్లు కొట్టి కడిగాడు. పొద్దున నడిపితే బండి పెళ్లికొడుకులా పోయింది.

ఎండ నడినెత్తికెక్కాక మళ్లీ తీశాడు. కర్దనూర్ ఎక్కుడు సగంలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకింది, దీపం వెలిగింది. యాక్సిలరేటర్ నేలకు తొక్కినా బండి నడకలో పడింది.

ఇప్పటి ఇంజన్లకు కంప్యూటర్ మెదడు ఉంటుంది. ఇంజన్ మరీ వేడెక్కిందని సెన్సర్ చెబితే, కాలిపోకుండా కాపాడుకోవడానికి అదే పవర్ కోసేస్తుంది. ఇంతవరకు వింత లేదు. నిఖిలేష్ దిగి, క్యాబిన్ ముందుకు వంచి, టైర్ గేజ్ వేషంలో ఉన్న థర్మామీటర్‌ను రేడియేటర్‌కు పోయే గొట్టం మీద పట్టాడు.

తొంభై ఒకటి.

లోపలి ముల్లు చెబుతున్నది నూట పన్నెండు.

అతను ఎండలో నిలబడి రెండు అంకెలనూ తలలో పక్కపక్కన పెట్టుకున్నాడు. బండికి జ్వరం లేదు. జ్వరం వచ్చిందని ఎవరో దాని చెవిలో చెబుతున్నారు.

సెన్సర్ మార్చాడు. అదే తంతు. అయితే అబద్ధం సెన్సర్‌ది కాదు, సెన్సర్‌కూ మెదడుకూ మధ్య ఎక్కడో వైర్లలో పుడుతోంది. కానీ ఆ వైర్ల కట్ట నల్లటి తొడుగుల్లో బండి ఒళ్లంతా పాకి ఉంది. మొత్తం విప్పితే వర్క్‌షాపంతా చూస్తుంది. మూడో ట్రక్కు తీశాడు, మొగులయ్య నడిపింది. అదీ అదే చోట, అదే రకంగా కుంటింది. మరి మొగులయ్య చేతిలో ఎందుకు ఆగలేదు? క్యాబిన్ వంచి చూస్తే ఇంజన్ మీద ఎండిన నీళ్ల చారలు, వాటికి అతుక్కుని గోనె పీచు.

సాయంత్రం కాజీపల్లిలో మొగులయ్య ఇంటి ముందు పనివాళ్లు గుంపులుగా నిలబడి ఉన్నారు. భార్య ఎంకమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆమె తమ్ముడు శ్రీశైలం, అతనూ అదే కంపెనీలో డ్రైవర్, వచ్చినవాళ్లకు నీళ్లు ఇస్తున్నాడు.

నిఖిలేష్ పక్కన కూర్చున్నాడు. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాడు. "అక్కా, అన్న బండిల గోనెసంచి ఎందుకుంటుండె?"

"ఆయనకు పిచ్చి బిడ్డా." ఆమె ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. "ముందు ఒక సేటు దగ్గర పెట్రోల్ అంబాసిడర్ నడిపిండు. ఎండకు పెట్రోల్ పైపులనే ఆవిరై బండి ఆగిపోతుండెనంట. గోనెపట్ట తడిపి పంపు మీద ఏస్తే మల్ల నడుస్తుండెనంట. గా అలవాటు పోలే."

"గిది డీజిల్ బండి బావా, దీనికి ఆవిరి పట్టదే అని నేను మస్తు నవ్వుతుంటి" అన్నాడు శ్రీశైలం. "ఇంజన్‌కు సల్లగుంటది, నీదేం పోయింది అంటుండె. రోజూ ఎడమ దిక్కు, పంపు మీదనే ఏస్తుండె."

నిఖిలేష్ లేవబోయాడు. ఎంకమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వు మెకానిక్కువంట కదా. ఐతారం మా ఇంట్ల దినం పెట్టుకున్నం. గురువారం మావోడు గా తొవ్వలనే బండి తీస్కపోతుండు. పోవద్దంటే ఇనడు. నాకు పిల్లల్లేరు. ఇగ వీడొక్కడే. వాడు తిరిగి ఇంటికి రావాలె. బండి మంచిగ చూసి పంపుతవా?"

"పంపుత అక్కా."

అన్నాక అతనికి భయం వేసింది. అది అతని చేతిలో ఉన్న పని కాదు.

మరునాటి మధ్యాహ్నం మళ్లీ ఎక్కుడు. బండి కుంటగానే దిగి, ఎడమవైపు పంపు మీదుగా పోయే వైర్ల మీద సీసాడు నీళ్లు గుమ్మరించాడు. ముల్లు టక్కున దిగింది. ఇంజన్ ఒళ్లు విరుచుకుంది. అక్కడి తొడుగు చీల్చి చూస్తే చింతగింజంత నల్లటి బిళ్ల. చుట్టూ వేడి ఒక హద్దు దాటితే చాలు, లోపలి రేకు వంగి రెండు వైర్లను కలుపుతుంది. ఇంజన్ కాలిపోతోందని మెదడుకు అబద్ధం పోతుంది. చల్లబడగానే విడిపోతుంది, సాక్ష్యం మిగలదు. కొంగ ఇంజనీర్లు ఎండను లెక్కగట్టారు, ఎక్కుడును లెక్కగట్టారు, బరువును లెక్కగట్టారు. డీజిల్ బండిని పెట్రోల్ అంబాసిడర్ అనుకుని రోజూ తడిగోనె కప్పే మనిషి ఒకడుంటాడని లెక్కగట్టలేదు.

బండి ఆగకపోయేసరికి మొగులయ్య బిళ్లను కనిపెట్టేశాడని భయపడ్డారు. అతనికేమో ఏమీ తెలియదు. ఏమీ తెలియని మనిషి తెలిసినందుకు చచ్చాడు. నిఖిలేష్ రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది కంట్రోల్ రూమ్‌లో తేడాగా తోచిన మాట. 'బండి లాగడం లేదు.' ఈ ఏరియాలో బండి ఎక్కడా లాగదు. గుంజుతుంది, లేకపోతే గుంజదు. కాజీపల్లిలో పుట్టి కాజీపల్లిలో చచ్చినవాడు మేడమ్‌కు ఫోన్ చేసినా దేవుడికి ఫోన్ చేసినా 'గుంజుతలేదు' అనే అంటాడు. పైగా ఆ రోజు అతని బండి బ్రహ్మాండంగా గుంజింది. ఆ ఫోన్ అసలు రాలేదు. మూడు బండ్లదీ ఒకటే జబ్బు అని నమ్మించడానికి కృష్ణప్రియ చనిపోయినవాడి నోట్లో తన భాష పెట్టింది.

ప్రభావతి అంతా విని కృష్ణప్రియ ఫైలు తీసి పక్కన పెట్టింది. వట్టివేరును బ్యూరోలోకి తెచ్చింది తనే.

"బిళ్ల ఉండనీ" అంది. "దానికి ఒక బైపాస్ స్విచ్ పెట్టు. గురువారం బండి ఎక్కుడు మీద ఆగకుండ దాటాలె. వ్యాన్ ఎంబడి పడతది. అవతల దిగుడుల మా స్క్వాడ్ ఉంటది. పెట్టె మీద చెయ్యి పడంగనే అందరు ఒక్కసారే దొరుకుతరు."

"ఎక్కుడు మీదనే పెట్టొచ్చు కదా మేడమ్, స్క్వాడ్‌ను?"

"నువ్వు వచ్చినంక త్రినాథరావు మనుషులు ఇద్దరు అక్కడ కావలున్నరు. కాకి వాలినా తెలుస్తది."

"శ్రీశైలం..."

"డ్రైవర్‌కు చెప్పొద్దు. తెలిస్తే స్టీరింగ్ మీద చెయ్యి వణుకుతది."

"ఈసారి పెట్టెల అసలు సరుకుంది. బండి ఆగితే డ్రైవర్‌ను బతకనియ్యరు."

"ఆగకుండ చూసుడే నీ పని" అంది ప్రభావతి. రాయిలాంటి మనిషి.

బుధవారం నిఖిలేష్ కంట్రోల్ రూమ్‌కు వెళ్లి, డీజిల్ ఫిల్టర్‌లో కచరా ఉందనీ, మార్చేశాననీ, ఇక దిగుల్లేదనీ చెప్పాడు. కృష్ణప్రియ నవ్వింది. అంత మెచ్చుకోలుగా నవ్విన ఆడమనిషిని నమ్మించేశానని అతను అనుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో అంత పెద్ద పొరపాటు ఇంకోటి చేయలేదు.

గురువారం ఎండ నిప్పులు చెరుగుతోంది. శ్రీశైలం స్టీరింగ్ పట్టాడు. క్లీనర్‌గా పక్క సీట్లో నిఖిలేష్. అద్దం ముందు ప్లాస్టిక్ నిమ్మకాయ ఊగుతోంది. వెనక సబ్బు డబ్బాల మధ్య దేశం కన్ను నిద్రపోతోంది.

పటాన్‌చెరు దాటాక నిఖిలేష్ ఆర్డర్ తప్పాడు. తనెవరో చెప్పాడు. ఏం జరగబోతోందో, మొగులయ్య ఎందుకు పోయాడో చెప్పాడు.

"దిగిపోతవంటే ఈడనే దింపుత. బండి నేను నడుపుత."

శ్రీశైలం గేరు మార్చాడు. "మా బావను సంపినోళ్లు అక్కడుంటరా?"

"ఉంటరు."

"మరి దిగుమంటవేందన్నా?" అన్నాడు. చెయ్యి వణకలేదు.

కర్దనూర్ ఎక్కుడు మొదలైంది. నిఖిలేష్ బైపాస్ స్విచ్ నొక్కాడు. ఇక ముల్లు నిజమే చెప్పాలి. చెట్టు కింద పసుపు దీపాల రికవరీ వ్యాన్ కనిపించింది, దాటేశారు. వ్యాన్ కదిలింది. దాని వెనకే తెల్లకారు. అంతా అనుకున్నట్టే ఉంది.

సగంలో ముల్లు లేవడం మొదలైంది.

"గుంజుతలేదన్నా!" శ్రీశైలం కేక వేశాడు.

స్విచ్ పాడైందా? నిఖిలేష్ సీటు కింద మూత పీకి థర్మామీటర్‌ను గొట్టం మీదికి గురిపెట్టాడు. నూట పది. ఈసారి అబద్ధం కాదు. బండికి నిజంగానే జ్వరం వచ్చింది.

ఎందుకొచ్చింది? నీళ్లున్నాయి, చూసుకున్నాడు. రేడియేటర్ శుభ్రంగా ఉంది. బెల్టు కొత్తది. అప్పుడు చెవికి తట్టింది, వినపడాల్సిన చప్పుడు ఒకటి వినపడటం లేదు. ఇంత వేడికి ముందున్న పెద్ద ఫ్యాన్ విమానంలా హోరెత్తాలి. ఫ్యాన్ హోరు లేదు. దాన్ని నడిపించే క్లచ్ కరెంటు ప్లగ్గును ఎవరో పొద్దున్నే లాగేశారు. బిళ్ల కాకపోతే ఇది. కృష్ణప్రియ అతన్ని ఒక్క నిమిషం కూడా నమ్మలేదు.

దిగి ప్లగ్గు పెట్టడానికి లేదు. వెనక వ్యాన్ దగ్గరవుతోంది. ఫోన్ తీస్తే సిగ్నల్ సున్నా. వ్యాన్‌లో సిగ్నల్‌ను నొక్కేసే జామర్ ఉన్నట్టుంది. నిమ్మకాయ కూడా మూగబోయినట్టే. ఎక్కుడు తల కనిపిస్తూనే ఉంది. బండి మాత్రం నడిచి పోయే మనిషికన్నా నిదానంగా పాకుతోంది.

పేలుడు. క్యాబిన్ వెనక రేకు చీల్చుకుని తూటా శ్రీశైలం భుజాన్ని కోసుకుంటూ పోయింది. అతను అరిచాడు, స్టీరింగ్ వదల్లేదు.

వ్యాన్ పక్కనుంచి దూసుకొచ్చి ముందు అడ్డంగా ఆగింది. సఫారీ సూట్‌లో త్రినాథరావు దిగాడు. అతనితో ఇద్దరు, చేతుల్లో పిస్టళ్లు. తెల్లకారు వెనక ఆగింది. కృష్ణప్రియ నల్లకళ్లద్దాలు తీయకుండా తలుపు దగ్గర నిలబడింది.

"ఏసీ బంద్ చెయ్" అన్నాడు నిఖిలేష్. "హీటర్ ఫుల్ పెట్టు."

"ఏందీ?"

"హీటర్! చలికాలం ఏస్తవు చూడు, గది!"

"గీ ఎండల హీటరా? దిమాగ్ ఖరాబైందా అన్నా?"

క్యాబిన్ హీటర్‌కు వేడి వచ్చేది ఇంజన్ నీళ్ల నుంచే. బయటి ఫ్యాన్ చచ్చిపోతే అది రెండో రేడియేటర్. కాకపోతే ఆ వేడంతా మనుషుల మీదికి వస్తుంది. ఇదంతా చెప్పే టైమ్ లేదు. నిఖిలేష్ తనే మీట తిప్పి, బ్లోయర్ ఆఖరి మెట్టుకు పెట్టాడు. కొలిమి తలుపు తీసినట్టయింది. కళ్లు మండాయి, గొంతు ఎండుకుపోయింది, శ్రీశైలం భుజం నుంచి కారుతున్న నెత్తురు చొక్కా మీదనే అట్టకట్టసాగింది.

నూట పది. నూట తొమ్మిది. బండి గుర్రుమంటూ అంగుళాల్లో కదులుతోంది.

"దిగండ్రా!" త్రినాథరావు బండికి ఎదురుగా నిలబడి ముందు అద్దం మీద పిస్టల్‌తో కొట్టాడు. "తలుపు తీస్తే బతుకుతారు."

నూట ఏడు.

"నేను చెప్పినప్పుడు తొక్కు" అన్నాడు నిఖిలేష్, చేతులు పైకెత్తుతూ.

"అక్క ఒక్కతే ఐపోతది అన్నా."

"అట్ల కానియ్యను."

త్రినాథరావు పిస్టల్ ఎత్తి శ్రీశైలం ముఖానికి గురిపెట్టాడు. నూట ఆరు. ఎర్రదీపం ఆరిపోయింది.

"తొక్కు!"

అప్పటిదాకా మూలుగుతున్న ఇంజన్ ఒక్కసారి గర్జించింది. తూటా అద్దం పగలగొట్టి, శ్రీశైలం తల ఉండాల్సిన చోటు నుంచి పోయింది. నిఖిలేష్ అప్పటికే అతని మెడ పట్టి కిందికి వంచాడు. ట్రక్కు రికవరీ వ్యాన్ పొట్టలో గుద్ది, దాన్ని రైలింగ్‌కేసి తోసుకుంటూ పోయింది. త్రినాథరావు ఆ రెంటి మధ్య ఉన్నాడు. చప్పుడు ఎక్కువ రాలేదు.

ఎక్కుడు తల దాటింది. అవతల దిగుడులో ఉన్న స్క్వాడ్ జీపులు ఆ చప్పుడుకు ఎక్కుడు తల దాటి వచ్చి రోడ్డు మూసేశాయి. మిగిలిన ఇద్దరూ చేతులెత్తారు. కారు వెనక్కి తిప్పబోయిన కృష్ణప్రియను ప్రభావతి స్వయంగా దింపింది.

"నేను మీ మనిషినే మేడమ్!" అంది ఆమె. "మీకోసమే వాళ్లతో..."

"అవును" అంది ప్రభావతి. "నేను తెచ్చుకున్న మనిషివే. అందుకే నేనే వచ్చిన."

బేడీలు వేస్తుంటే కృష్ణప్రియ నిఖిలేష్ వైపు తిరిగింది. చెమటా నెత్తురూ గ్రీజూ కలిసి అతని ముఖం గుర్తుపట్టేలా లేదు. "మొగులయ్య చచ్చేముందే బ్యూరోకు చెప్పేశాడు కదూ? ఆ బిళ్ల సంగతి వాడికి ముందే తెలుసు. వాణ్ని ఇంకొక్కరోజు ముందు తీసేసి ఉంటే..."

"ఆయనకు ఏం తెల్వదు" అన్నాడు నిఖిలేష్. "ఇంజన్‌కు ఎండ తగులుతదని తడిగోనె కప్పిండు. అంతే."

"అబద్ధం" అంది ఆమె. అతని ముఖం చూసింది. మళ్లీ ఆ మాట అనలేదు.

శ్రీశైలం భుజానికి కుట్లు వేయించి నిఖిలేషే కాజీపల్లికి తీసుకెళ్లాడు. ఎంకమ్మ గడప దిగి వచ్చింది. తమ్ముడిని తల నుంచి కాళ్ల దాకా తడిమి, చెంప మీద ఒక్కటిచ్చి, కావలించుకుని ఏడ్చింది. తర్వాత నిఖిలేష్ వైపు చూసింది. అతను మెకానిక్ కాదని, మొగులయ్యది వడదెబ్బ కాదని ఆమెకు అర్థమైపోయింది.

"మా ఆయనను ఎందుకు సంపిన్రు బిడ్డా? ఆయనకేం ఎరుకుండె?"

దేశం కోసం ప్రాణమిచ్చాడని చెప్పవచ్చు. అలా చెబితే తనకే తేలికగా ఉండేది. అతను చెప్పలేకపోయాడు.

"ఏం ఎరుకలేదక్కా. ఎరుకున్నదని వాళ్లు భయపడ్డరు. ఆయన తన పని తను చేసుకున్నడు. దాంతోనే వాళ్లు దొరికిన్రు."

ఎంకమ్మ తమ్ముడి భుజం మీది కట్టు సర్దింది. "గంతేనా" అంది. "అమాయకుడు. నాతోటి ఏం దాచలేదన్నట్టు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తమ్ముణ్ని లోపలికి నడిపించుకుపోయింది.

నిఖిలేష్ బయట ఎండలో నిలబడ్డాడు. ఫోన్ మోగింది. ప్రభావతి.

"ఆపరేషన్ సీక్రెట్. పేపర్ల రాదు. కానీ ఆ కంపెనీ వాళ్లు ఊకుంటలేరు. బండి ఎక్కుడు మీద ఎందుకు ఆగింది, వాళ్ల మేడమ్ ఎందుకు డ్యూటీకి వస్తలేదు, మొగులయ్య ఎట్ల పోయిండని అడుగుతున్నరు. ఏమని చెప్పమంటవ్?"

నిఖిలేష్ కరుగుతున్న తారు వైపు చూశాడు.

"ఎండల వల్లనే అని చెప్పండి మేడమ్" అన్నాడు. "ఇక్కడ మూడింటికీ ఒప్పుకుంటరు."